సీసాలో తెల్లపొడి

మొన్న రాత్రి టీవీ చర్చలో ఓ పెద్దాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు: "దేశమంటే పక్కవాడు భయపడాలి. అప్పుడే మాటకు విలువ." యాంకరమ్మ తలూపింది. నాకు ముద్ద దిగలేదు.

ఊళ్లో వస్తాదు వస్తుంటే అందరూ దారిస్తారు. బ్యాంకు అప్పుకి పూచీ సంతకం కావాలంటే మాత్రం ఆయన గడప ఎవరూ తొక్కరు. దేశాలకూ అంతే: భయం వేరు, నమ్మకం వేరు.

2003 ఫిబ్రవరి 5న ఐరాస భద్రతామండలిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ రెండు వేళ్ల మధ్య చిన్న సీసా పట్టుకుని, ఇరాక్ దగ్గర ఆంథ్రాక్స్ లాంటి ఆయుధాలున్నాయని చెప్పాడు. జార్జి బుష్ కొలువులో అంతో ఇంతో పరువున్న మనిషి కాబట్టే ఆయన్ని ముందుకు తోశారని నా నమ్మకం. మండలి తలూపకపోయినా ఆరు వారాలకు బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. ఆ ఆయుధాల నిల్వలు లేనేలేవని మరుసటేడు అమెరికా సొంత దర్యాప్తే తేల్చింది. ఆ ప్రసంగం తన చరిత్రకు మచ్చేనని పావెల్ తర్వాత ఒప్పుకున్నాడు, పాపం.

దాని వడ్డీ చూడండి. 2013లో సిరియాలో నిజంగానే విషవాయువు వదిలారు. అయినా బ్రిటన్ పార్లమెంటు 285-272 ఓట్లతో దాడికి వద్దంది. 2022 ఫిబ్రవరి 17న అదే భద్రతామండలిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్, రష్యా ఉక్రెయిన్ మీదకి రాబోతోందన్నాడు. ఈసారి అక్షరాలా నిజం. పెదవి విరిచినవాళ్లు ఎందరో! సరిగ్గా వారానికి ట్యాంకులు దిగాయి. 'నాన్నా పులి' కథలో పోయినవి ఆ పిల్లాడి గొర్రెలే. ఇక్కడ పోయినవి ఊరివాళ్లవి. ఖార్కివ్ బంకర్లలో చిక్కుకున్న మన మెడిసిన్ పిల్లల తల్లిదండ్రుల్ని అడగండి.

రష్యా తక్కువ తిన్నదా? అణ్వస్త్రాలు వదులుకుంటే మీ సరిహద్దుల జోలికి రామని 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్‌కి సంతకం పెట్టింది. 2014లో క్రిమియా లాక్కుంది. ఇక అణుబాంబు వదులుకోమంటే ఏ దేశం వింటుంది?

అన్నట్టు, ఆ సీసాని మోసిన పత్రికల మాటేమిటి? న్యూయార్క్ టైమ్స్ 2004 మేలో తన తప్పు ఒప్పుకుంది. ఎక్కడ? పదో పేజీలో! అబద్ధానికి పతాక శీర్షిక, సవరణకి పదో పేజీ. మన దగ్గర ఆ పదో పేజీ భాగ్యమూ లేదు. ఆమధ్య ఈ శీర్షికలోనే ఒక సంవత్సరం తప్పు పడింది. సవరణ వేశామన్నారు. వెతికి పట్టుకోవడానికి నాకే రెండు కాఫీలు పట్టింది. టెండరు ప్రకటన కింద ఉంది.