పెరట్లో ప్లాస్టిక్ పచ్చిక

ఈమధ్య డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మిత్రుడొకరు ఫోన్ చేసి, "మీ పెరట్లో కృత్రిమ పచ్చికతో ఆటకోర్టు వేయించారు కదా! మేమూ వేయిద్దామనుకుంటున్నాం, ఏమంటారు?" అని అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదనిపించి, తీరిగ్గా రాసి చెబుతానన్నాను. అదే ఆలోచనలో ఉన్న మరికొందరికి కూడా పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

పచ్చిక కొనుక్కొచ్చి తివాచీలా పరిచేయడమేనని మొదట నేననుకున్నాను. నిజానికి పనంతా దాని కిందే ఉంది. ఉన్న గడ్డిని వేళ్లతో సహా పెకలించి, 4 నుంచి 6 అంగుళాల లోతు మట్టి తీసేస్తారు. ఆ గుంటలో కంకర, రాతిపొడి పొరలుగా పోసి, నీరు నిలవకుండా వాటం చూసుకుంటూ యంత్రంతో దిమ్మిస కొడతారు. దాని మీద చుట్టలుగా వచ్చిన పచ్చికను పరిచి, అతుకుల కింద పట్టీ వేసి జిగురుతో అతికిస్తారు. పోచలు వాలిపోకుండా మధ్యలో సన్నని ఇసుక చల్లుతారు. మాది 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల బ్యాడ్మింటన్ గీతలు, ఒక పక్క క్రికెట్ సాధనకు వల. మొత్తం పని నాలుగు రోజుల్లో ముగిసింది. టెక్సాస్ గాలికి షటిల్ కాక్ పక్కింటి కంచె దాటుతుందన్న సంగతి ఐదోరోజున తెలిసింది.

ఇదంతా జరిగినప్పుడు నాన్నగారు మా ఇంట్లోనే ఉన్నారు. తవ్విపోసిన మట్టిలోంచి ఒక బెడ్డ తీసి, తడిపి, వేళ్ల మధ్య నలిపి చూసి, "ఏరా, ఇది మన నల్లరేగడేరా! పత్తి పండే నేల" అన్నారు. ఆయన గుంటూరు జిల్లా రైతు, మట్టి విషయంలో పొరపడరు. నిజంగానే ఉత్తర టెక్సాస్ నల్లమట్టి, మన నల్లరేగడి ఒకే కోవకు చెందిన నేలలు. ఎండకు నెర్రెలిస్తాయి, వానకు ఉబ్బుతాయి. ఇక్కడా ఒకప్పుడు పత్తి విస్తారంగా పండింది. కోర్టు కోసం తీసేసిన జాగాలోనే నాన్నగారు వేసిన రెండు సాళ్ల గోంగూర, ఒక బీరపాదు ఉండేవి. "ఆడుకోవడానికి నేల చాలదుట్రా?" అని మాత్రం అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

ఈ పచ్చికకు పేరు తెచ్చిన చోటు కూడా టెక్సాసే. 1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ కట్టినప్పుడు లోపల అసలు గడ్డే వేశారు. పైకప్పు అద్దాల మెరుపులో బంతి కనబడటం లేదని ఆటగాళ్లు గోలపెడితే అద్దాలకు రంగు పూశారు. వెలుతురు అందక గడ్డి చచ్చిపోయింది. అందుకని 1966లో కృత్రిమ పచ్చిక పరిచారు. అంటే అది గడ్డి బతకలేని చోట పేరు తెచ్చుకున్న ఉపాయం. గడ్డీ గోంగూరా బతుకుతున్న చోట దాన్ని తెచ్చి పరచింది మనం.

అవతలి పక్షం మాటలో న్యాయం లేదనను. ఇక్కడి బెర్ముడా గడ్డికీ నీళ్లు పోయాలి, కలుపుమందు చల్లాలి, వారం వారం కోయాలి. అదీ అడవేమీ కాదు. కాలిఫోర్నియాలో 2015 కరువులో పట్టణాల నీటి వాడకం 25 శాతం తగ్గించాలని గవర్నరు ఆదేశించారు. కృత్రిమ పచ్చికను గృహస్థుల సంఘాలు అడ్డుకోరాదని ఆ యేడే చట్టం వచ్చింది. అదే రాష్ట్రం 2023లో, కావాలంటే దాన్ని నిషేధించుకునే అధికారం నగరాలకిచ్చింది. ఐరోపా సమాఖ్య కూడా 2023లో, ఆటస్థలాల్లో చల్లే ప్లాస్టిక్ గుళికల అమ్మకాన్ని ఎనిమిదేళ్ల గడువుతో నిషేధించింది. మెచ్చుకున్నవారే పునరాలోచనలో పడ్డారన్నమాట.

వేడి సంగతి ఎవరూ చట్టం చేసి చెప్పనక్కరలేదు. జూలై మధ్యాహ్నం మా కోర్టు మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేము. సాయంత్రం ఆటకు ముందు గొట్టంతో నీళ్లు కొట్టి చల్లబరచాలి. నీళ్లు ఆదా చేద్దామని వేయించినది కదా!

ఇవన్నీ ఒక ఎత్తు, మావాడి సంగతి ఒక ఎత్తు. మొదటి వేసవిలో వీధిలోని పిల్లలంతా వచ్చారు. మరుసటేడు మరో రెండిళ్లవాళ్లూ కోర్టులు వేయించుకున్నారు. ఇప్పుడు మూడు పెరళ్లలో ముగ్గురు పిల్లలు ఎవరి వలలో వాళ్లు బంతిని బాదుకుంటున్నారు. మా ఊళ్లో వేసవిలో చెరువు ఎండితే అదే మా మైదానం. బ్యాటు ఒక్కటే ఉండేది, పోట్లాటలు పది. అవుటా కాదా అని తేలేసరికి పొద్దుగూకేది. మా పెరట్లో మావాడు ఇంతవరకూ ఒక్కసారీ అవుట్ కాలేదు. అవుట్ చేసేవాడే లేడు మరి. మా చెరువులో ఆట నిలబడ్డది నేల మీద కాదు, పోట్లాడే తోడు మీద. నేను నేలను కొన్నాను, తోడును దూరం చేసుకున్నాను.

కాబట్టి మిత్రునికి నా సలహా ఇది. ముందు ఒక ఏడాది పిల్లవాణ్ణి ఊరి పార్కుకు తీసుకెళ్లండి. అక్కడ తోడు దొరికితే కోర్టు ఊసే రాదు. అప్పటికీ కావాలనిపిస్తే వల వేసుకునేంత సన్నని పట్టీ చాలు, మిగతా నేల నేలగానే ఉండనివ్వండి.

వానలకు నేల ఉబ్బి పోయినేడు మా కోర్టు అతుకొకటి లేచింది. కంచె వెంబడి రెండడుగుల మేర పచ్చిక కోసేసి, గోంగూర వేద్దామని గునపం పట్టాను. దిమ్మిస కొట్టిన కంకర కింద నల్లమట్టి తగలడానికి రెండు వారాంతాలు పట్టింది.