గల్లాపెట్టె లేని కొట్టు

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో వెల్ఫేర్ స్క్వేర్ అనే ఆవరణ ఉంది. అందులో ఒక సరుకుల కొట్టు. అరల నిండా పిండి, పాలు, గుడ్లు, చిక్కుడు గింజల డబ్బాలు, పీచ్ పండ్ల డబ్బాలు, సబ్బులు. చాలా డబ్బాల మీద డెజరెట్ అన్న పేరే కనిపిస్తుంది. గల్లాపెట్టె మాత్రం లేదు. ఇబ్బందుల్లో పడ్డ కుటుంబం తమ బిషప్ (స్థానిక సంఘపెద్ద) ఇచ్చిన చీటీ తెచ్చుకుంటుంది, అందులో రాసిన సరుకులు పట్టుకెళుతుంది. నడిపేది లాటర్-డే సెయింట్స్ సంఘం. మోర్మన్లంటే మనవాళ్లకు ఎక్కువగా తెలుస్తుంది. ఆ సంఘస్తులు నెలకో ఆదివారం రెండు పూటలు ఉపవాసముండి, మిగిలిన ఆ తిండి ఖర్చుకు తోచినంత కలిపి, లేనివాళ్ల కోసం కానుకగా ఇస్తారు.

కొట్టులో సరుకులు సర్దేవాళ్లలో, తీసి ఇచ్చేవాళ్లలో తలలు నెరిసినవాళ్లే ఎక్కువ. ఛాతీ మీద నల్ల బ్యాడ్జీ, దాని మీద తెల్లటి అక్షరాల్లో ఇంటిపేరు. జీతం ఉండదు. వాళ్లలో ఇద్దరు దగ్గర్లోని లీహై ఊళ్లో ఉంటున్న మా అమ్మాయికి పొరుగువాళ్లు. డెబ్బై దాటిన దంపతులు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, ఆవిడ నర్సు. పొద్దున్నే ప్రార్థన, ఓట్స్ జావ, బ్యాడ్జీ, కారు. ఒకరోజు నన్నూ వెంట తీసుకెళ్లారు.

ఆ పూట చూసిన ఒక్క సంగతి చెబుతాను. ఇద్దరు పిల్లలతో ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై కూడా ఉండవు. చీటీ ఇచ్చేటప్పుడు తల ఎత్తలేదు. మా పొరుగావిడ జాలిమాట ఒక్కటీ అనలేదు. పెద్దపిల్లాడి చేతికి పెన్సిలిచ్చి, ట్రాలీలో పడిన ప్రతి సరుకుకీ చీటీ మీద టిక్కు పెట్టే పని అప్పగించింది. వాడు బోలెడంత శ్రద్ధగా పెడుతుంటే వాళ్లమ్మ మొదటిసారి నవ్వింది. బరువైన డబ్బాలు అడుగున, రొట్టె పైన. గుడ్లు మాత్రం మా పొరుగావిడే చేత్తో పట్టుకుని కారుదాకా వెళ్లి, ముందు సీట్లో పెట్టి వచ్చింది. మోకాలి నొప్పి ఉన్న ఆ మనిషికి అది చిన్న దూరం కాదు.

ఈ సంఘంలో సేవకు పోవడం అనగానే తెల్లచొక్కా, టై కట్టుకుని ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లే గుర్తొస్తారు. పెద్దవాళ్ల సేవ వేరు. పిల్లల బాధ్యతలు తీరిన దంపతులు ఆరు నెలల నుంచి 23 నెలల దాకా ఇల్లు విడిచి కూడా వెళ్తారు. ఖర్చు వాళ్లదే. ఇంటింటికీ తిరిగి ఇంతమందికి బోధించాలన్న లెక్కలు వాళ్లకు పెట్టరు. అద్దె ఒప్పందాలు చూడటం, కార్ల లెక్కలు రాయడం, దూరదేశంలో జ్వరం తెచ్చుకున్న కుర్రాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం... ఇలాంటివి అప్పగిస్తారు. ఒక జీవితకాలం ఇల్లూ ఉద్యోగమూ నడిపినవాళ్లకు చేతనైన పనులే ఇవన్నీ. ఆ పోలిక కుదర్చడంలోనే ఆ సంఘం తెలివి ఉందని నా అభిప్రాయం.

ఈ ఇద్దరూ ఇంతకుముందు ఐరోపాలో ఒక పాత రికార్డుల భవనంలో పనిచేశారు. నూటయాభై రెండొందల ఏళ్లనాటి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల రిజిస్టర్లను ఫోటో తీయడం పని. పేజీ తిప్పాలి, మడత సరిచేయాలి, నొక్కాలి, అక్షరం స్పష్టంగా పడిందో లేదో చూడాలి, మళ్లీ పేజీ. రోజంతా అంతే. ఈ సంఘం 1938 నుంచి ఇలా మైక్రోఫిల్ములు తీయిస్తోంది. సాల్ట్ లేక్ దగ్గరి గ్రానైట్ కొండను తొలిచి వాటిని భద్రపరిచారు. ఆ 24 లక్షల రీళ్లను డిజిటల్‌లోకి మార్చే పని 2021లో ముగిసింది. మన హరిద్వార్ పండాలు తరతరాలుగా రాసిపెట్టుకున్న యాత్రికుల వంశావళి పుస్తకాలు (వహీలు) కూడా వాళ్ల ఫిల్ముల్లో ఉన్నాయి. తీసిన పేరు ఎవరిదో తెలియదు, ఎవరు వెతుక్కుంటారో తెలియదు. అయినా పేజీ నలిగి ఒక పసిబిడ్డ పేరు సరిగా పడకపోతే మాస్టారుగారు మళ్లీ తీసేవారట.

రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ ఆరోజు దేనికి కృతజ్ఞతగా ఉన్నారో చెప్పుకుంటారు. ఆవిడ ఓ నోటుపుస్తకంలో రాస్తుంది కూడా. నాకు చూపించింది. గొప్ప మాటలేం లేవు. మెట్ల దగ్గర మోకాలు సహకరించింది. లారీ అతను గుడ్ల పెట్టెలు ఒక్కటీ పగలకుండా దించాడు. పిల్లాడు పెన్సిలు మర్చిపోకుండా తిరిగిచ్చాడు. సరుకులు తీసుకున్నవాళ్లు దండం పెట్టడం మామూలే. ఇక్కడ మోసినవాళ్లు దండం పెడుతున్నారు. తమ అవసరం ఒకరికి ఉందన్న సంగతి ఆ వయసులో ఎంత బలమిస్తుందో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. మన ఇళ్లలో రిటైరైన మనిషికి సలహాలిస్తాం, మందులిస్తాం, రిమోట్ ఇస్తాం. పని ఇవ్వం. ప్రేమతోనే ఇవ్వం, కానీ ఆ ప్రేమ మనిషిని గోడవారకు నెడుతుంది.

ఆ సంఘపు విశ్వాసం నాది కాదు. నేను గుంటూరులో లూథరన్ చర్చి గంట వింటూ పెరిగినదాన్ని. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ పేరు మా ఇళ్లలో అందరికీ తెలుసు. కానీ నాకిప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది ఆయన చివరి రాక. 1869లో, రాజమండ్రి మిషన్‌ను మరొకరికి అప్పగించేస్తారన్నప్పుడు, ఆయన తానే వెళ్తానన్నారు. అప్పటికి 76 ఏళ్లు. ఓడ ఎక్కారు, గోదావరి ఒడ్డుకు వచ్చారు, ఆ పని చెయ్యిజారిపోకుండా నిలబెట్టి వెళ్లారు. మోర్మన్ దంపతుల సేవకు కూడా తెలుగు చరిత్ర ఉంది. సమోవాలో కీటకశాస్త్రవేత్తగా ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1978 డిసెంబర్‌లో సేవకులుగా హైదరాబాద్ వచ్చారు. భారతదేశంలో ఆ సంఘపు మొదటి స్టేక్ (కొన్ని స్థానిక శాఖల సముదాయం) 2012లో ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే.

మన దగ్గర సేవాభావం తక్కువ కాదు. తిరుమలలో శ్రీవారి సేవకు ఊళ్లకు ఊళ్లే కదిలి వెళ్తాయి. అయితే అది కొద్దిరోజుల సేవ. ఏడాదిపాటు, భార్యాభర్తలిద్దరినీ కలిపి, ఫలానా చోట ఫలానా పని ఉంది రండి అని పిలిచే ఏర్పాటు మన చర్చిల్లోగానీ గుళ్లలోగానీ నేను చూడలేదు. హాస్టల్ లెక్కలు చూసేవాళ్లు లేరు, ఆసుపత్రి వరండాలో దారి చూపేవాళ్లు లేరు, బడిలో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చునేవాళ్లు లేరు. పింఛను వస్తూ, ఒంట్లో ఓపిక ఉన్న మాస్టార్లు, గుమాస్తాలు, నర్సులు మాత్రం ప్రతి వీధిలోనూ ఉన్నారు. పింఛను లేనివాళ్లను ఖర్చు పెట్టుకుని రమ్మనడం న్యాయం కాదు. వాళ్ల బస, భోజనం సంఘమే చూసుకోవాలి. పాస్టర్లను, దేవస్థానం కమిటీలను నేను మనసారా అడుగుతున్నాను: ముందు పనుల జాబితా రాయండి, తర్వాత పేర్లు పెట్టి పిలవండి.

ఈ సేవకు ఖరీదు ఉంది. మనవరాలు పుట్టినప్పుడు మా పొరుగావిడ ఐరోపాలో రిజిస్టర్ల మధ్య ఉంది. తిరిగొచ్చేసరికి పాప నడుస్తోంది. ఎత్తుకోబోతే కొత్తముఖమని ఏడ్చిందట. ఆ రోజులు మళ్లీ రావని, ఆ వెలితి వెలితేనని ఆవిడ నాతో దాచకుండా చెప్పింది. వచ్చే ఏడాదికి ఇద్దరూ మళ్లీ దరఖాస్తు పెట్టారు, ఎక్కడికి పంపినా సరేనని. పిల్లలు రెండు షరతులు పెట్టారు: మోకాలి డాక్టరు ఒప్పుకోవాలి, ఆదివారం సాయంత్రం పాపకు వీడియో కాల్ తప్పకూడదు. ఆవిడ రెండింటికీ ఒప్పుకుంది.