తీరం నుండి తిరిగివచ్చాక

సెలవులలో అంతర్వేదికి వెళ్ళివచ్చిన రాజమహేంద్రవర వాసికి రెండు మూడు దినాల వరకు కడలి హోరు చెవులలో మారుమ్రోగుతూనే ఉంటుంది. చెప్పులకంటిన ఇసుక, పిల్లలు ఏరి తెచ్చిన గవ్వలు ఆ ఆనందాన్ని గుర్తుచేస్తాయి. పిదప నిత్యజీవితం యథాప్రకారం సాగిపోతుంది. విహారం అంతటితో ముగిసిపోవలసినదేనా?

నగరం చెంత ప్రవహించే గోదావరియే ధవళేశ్వరం దాటి పాయలుగా చీలుతుంది. అందులో వసిష్ఠ అంతర్వేది వద్ద సాగరాన్ని చేరుతుంది. కనుక నగరవాసి నదిలో విసరిన ప్లాస్టిక్ సంచి అతడు విహరించిన తీరానికే చేరవచ్చు. ఆ తీరమైనా శాశ్వతం కాదు. ఉప్పాడలో అలల కోతకు ఇళ్ళు, రోడ్లు కడలిపాలయ్యాయి. కోరింగ మడ అడవులు తమ వేళ్ళతో నేలను పట్టి నిలిపి, ఉప్పెన ఉద్ధృతిని తగ్గిస్తాయి. 1996 నవంబరు తుపానుకు కొబ్బరితోటలను కోల్పోయిన కోనసీమకు అట్టి రక్షణ విలువ తెలియనిది కాదు.

తీరం వల్ల సేదతీరిన వానికి తీరం పట్ల బాధ్యత కూడా ఉంది. ఆ బాధ్యతను ఏడాదికొకసారి కడలి ఒడ్డున తలచుకుంటే చాలదు. ప్రతిదినం తన ఇంటి ముంగిట, గోదావరి గట్టున నెరవేర్చాలి. అప్పుడే విహారయాత్ర సార్థకమవుతుంది.