ఏమీ జరగని రోజుల గొప్ప

ఆదివారం విశాఖ రామకృష్ణా బీచ్‌కు ఒక్క కుటుంబమే విడిగా రావడం తక్కువ. ఎదురింటివాళ్లు, ఆఫీసులో పక్క సీటువాళ్లు, కాలేజీనాటి స్నేహితులు పిల్లాపాపలతో కలిసి దిగుతారు. ఒకరు పులిహోర కట్టుకొస్తే ఇంకొకరు పెరుగన్నం తెస్తారు. అలల్లో తడిసి, మురీ మిక్చర్ తిని, చివరికి అందరూ చేరేది బీచ్ రోడ్డు మీది విమానం దగ్గరికే. టీయూ-142 విమాన మ్యూజియం పెద్దవాళ్ల కబుర్లకూ పిల్లల పరుగులకూ కూడా చోటిచ్చే విహారస్థలంగా మారింది. అది సంతోషమే. అయితే ఆ విమానం దగ్గర పిల్లలకు చెప్పవలసిన మాట ఒకటుంది. ఫొటోల సందడిలో అది జారిపోకూడదు.

పిల్లల కన్ను ముందు పరిమాణం మీదే పడుతుంది. ముక్కు నుంచి తోక దాకా సుమారు 53 మీటర్లు, రెక్క చివరి నుంచి రెక్క చివరికి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. సోవియట్ యూనియన్‌లో టుపొలెవ్ సంస్థ రూపకల్పన చేసిన ఈ రకం విమానాలు 1988లో మన నౌకాదళంలో చేరాయి. మొదట గోవాలోని డాబోలిమ్, 1992 నుంచి తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళి వాటి స్థావరాలు. మొత్తం ఎనిమిది విమానాలు. 29 ఏళ్ల సేవ తరువాత 2017 మార్చి 29న వాటికి వీడ్కోలు పలికారు. వాటిలో ఒకటి విశాఖ చేరింది. భాగాలుగా విడదీసి, రోడ్డు మీదుగా సముద్రతీరానికి తెచ్చి, మళ్లీ కూర్చి నిలబెట్టారు. అదే ఏడాది డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

ఇంత పెద్ద విమానం చేసిన పని ప్రధానంగా వినడం. నీటి అడుగున దాగిన జలాంతర్గామి పైనుంచి కంటికి కనపడదు. అందుకే విమానం నుంచి సోనోబోయ్‌లనే పరికరాలను సముద్రంలోకి వదిలేవారు. అవి నీటిపై తేలుతూ, వైద్యుడి స్టెతస్కోపులా లోపలి చప్పుళ్లను పట్టుకుని, రేడియో ద్వారా పైకి పంపేవి. విమానంలో కూర్చున్న సిబ్బంది ఆ శబ్దాల్లో చేపలవేవో, సరుకు నౌకలవేవో, జలాంతర్గామి ఇంజనుదేదో వేరు చేయాలి. పది గంటలకు పైగా గాలిలో ఉండి కూడా సముద్రం తప్ప ఇంకేమీ ఎదురుకాని రోజులు ఎన్నో. మ్యూజియంలో పెట్టిన ఆ సోనోబోయ్‌లు చూడటానికి మామూలు గొట్టాల్లా ఉంటాయి. పిల్లలు వాటిని దాటి ప్రొపెల్లర్ వైపు పరుగెడతారు. పెద్దవాళ్లు వాళ్లను చేయిపట్టి ఆపవలసింది అక్కడే.

ఈ కథలో రెండో సగం రోడ్డు దాటితే ఇసుకలో ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి కుర్సురా అక్కడ 2002 నుంచి మ్యూజియంగా ఉంది. డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకుని, నీటి అడుగున వాటితోనే నడిచిన జలాంతర్గామి అది. బ్యాటరీ తగ్గితే గాలి కోసం పైకి రాక తప్పదు. జలాంతర్గాములను వెతికేవాళ్లు ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే. ఇరుకు సందుల్లో, ఒకరి మీద ఒకరుగా ఉన్న పడకల మధ్య నడిచాక రోడ్డు దాటి విమానం ఎక్కితే, దాగడానికి ఎంత ఓర్పు కావాలో వెతకడానికీ అంతే కావాలని పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఈ రెండింటినీ ఇంత దగ్గరగా చూపగలగడం విశాఖ అదృష్టం.

ఆ ఓర్పు ఎందుకు అవసరమో ఈ ఊరి పెద్దలకు తెలుసు. 1971 డిసెంబరు యుద్ధ సమయంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. దీపాలార్పిన ఆ రాత్రులను, అర్ధరాత్రి వినిపించిన పెద్ద పేలుడును చెప్పగల తాతలూ నానమ్మలూ నగరంలో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లిన కుటుంబానికి ఆ రోజు మ్యూజియం రెండింతలు విలువ చేస్తుంది.

టీయూ-142ల గురించి నౌకాదళం గర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది: ముప్ఫై వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయి. కూల్చిన విమానాల లెక్క, ముంచిన ఓడల లెక్క యుద్ధకథల్లో మనం తరచూ వింటాం. ఇక్కడి లెక్క వేరు. ఇది జరగని ప్రమాదాల లెక్క. దాని వెనుక ప్రతి బోల్టునూ బిగించి చూసిన సాంకేతిక సిబ్బంది ఉన్నారు. అంతా బాగుందని తెలిసినా మళ్లీ తనిఖీ చేసినవాళ్లు ఉన్నారు. నిద్ర ముంచుకొస్తున్నా చెవి మరల్చనివాళ్లు ఉన్నారు. వాళ్లు తమ పని సరిగ్గా చేసినందువల్లే చెప్పుకోదగ్గ వార్త ఏదీ పుట్టలేదు. సమాజం ఇలాంటి పనికి చప్పట్లు కొట్టదు. కొట్టాలి. ఆయుధాలు మోసిన విమానం ముందు నిలబడి యుద్ధం ఒక వినోదమనే భావన పిల్లల్లో కలగకుండా ఉండాలంటే, దాని గస్తీ గురించి చెప్పడమే సరైన దారి.

స్నేహితుల కుటుంబాలతో కలిసి వెళ్లడంలో ఉన్న మేలు ఇక్కడే కనిపిస్తుంది. సొంత తండ్రి చెబితే విసుక్కునే పిల్లలు అదే మాట పక్కింటి బాబాయి చెబితే నోరు తెరిచి వింటారు. పది మంది పెద్దలు కలిసిన చోట రకరకాల ఉద్యోగాలుంటాయి. ఒకరు సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేస్తారు. ఒక అత్త కేజీహెచ్‌లో నర్సు. ఒక మామయ్య తెల్లవారకముందే రైలు పట్టాల వెంట నడిచి చూస్తాడు. కైలాసగిరి మీది వాతావరణ రాడార్‌ను నడిపేవాళ్లూ ఆ స్నేహితుల్లో ఉండవచ్చు. వీళ్లందరిదీ ఆ విమాన సిబ్బంది చేసిన పనే. రోగి తెల్లారి కళ్లు తెరిస్తే, రైలు వేళకు చేరితే, తుఫాను తీరం దాటేలోగా ఊళ్లు ఖాళీ అయితే వాళ్ల పేర్లు ఎవరూ అడగరు. గొట్టంలాంటి ఆ సోనోబోయ్ దగ్గర నిలబడి, మీ నాన్న రాత్రిళ్లు చేసేదీ ఇదేనని ఒక స్నేహితుడు ఆ సబ్‌స్టేషన్ ఉద్యోగి కొడుక్కి చెబితే, ఆ నాన్న ఉద్యోగం ఆ రోజు నుంచి వాడి కంటికి వేరుగా కనిపిస్తుంది.

మ్యూజియాలు కూడా ఈ మాటను మరింత గట్టిగా చెప్పాలి. విశాఖలో విశ్రాంత నావికులకు కొదవలేదు. సెలవు రోజుల్లో వాళ్లలో కొందరు విమానం పక్కన నిలబడి, తాము విన్న సముద్రం గురించి తెలుగులో పిల్లలకు చెప్పే ఏర్పాటు శాశ్వతంగా ఉండాలి. గోడమీద రాసిన వేగం, బరువు పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుండవు. ఆ పని చేసిన మనిషి గొంతు గుర్తుంటుంది.

సాహసానికి పతకాలు ఇవ్వడం మనకు తెలుసు. జాగ్రత్తకు గౌరవం ఇవ్వడం కూడా నేర్చుకోవాలి. సాహసం అవసరపడేది ఏదో ఒక రోజు. జాగ్రత్త లేని దేశం ఒక్క రోజు కూడా నిశ్చింతగా నిద్రపోలేదు.