ఖాళీ దస్తర్‌ఖాన్ ఎత్తేసే ముందు

మహబూబాబాద్‌లో మా దగ్గరి రిష్తేదారుల ఇంట్లో షాదీ. జనగామ నుంచి మేమంతా పొద్దున్నే రైలెక్కి పోయాం. దుల్హా వాళ్లది భూపాలపల్లి. దావత్ మొదలైంది. షాదీఖానా గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి వచ్చిన మెహమాన్లను "మీరిటు తష్రీఫ్ తీసుకోండి, మీరటు" అని ఒక్కో దస్తర్‌ఖాన్‌కు పంపుతున్నాడు. మూలకు ఒక దస్తర్‌ఖాన్ గంట సేపటి నుంచి ఖాళీగా ఉంది. వడ్డించే పిల్లగాడు చూశాడు, బేకార్‌గా ఉందనుకున్నాడు, చుట్టేసి తీసుకెళ్లి ఇంకోచోట పరిచాడు. పావుగంటకు భూపాలపల్లి బస్సు వచ్చింది. ముప్పై మంది బారాతీలు. కూచోవడానికి జాగా లేదు. ఇక ఆ తర్వాత జరిగిన హంగామా మీకు చెప్పక్కర్లేదు.

మా ఆపా కొడుకు నా పక్కనే కూచుని నవ్వుతున్నాడు. హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఇంజనీరు. "మామూ, పోయిన నెల ఆఫీసుల నేను చేసిన పని అచ్చం గిదే" అన్నాడు. తిరుగు రైల్లో జనగామ వచ్చేదాకా ఆ కథే చెప్పాడు. సహాఫీ బుర్ర కదా, నేను నోట్ చేసుకున్నాను.

అతను చూసుకునేది లోడ్ బ్యాలెన్సర్లు. పేరు చూసి భయపడకండి, అది గుమ్మం దగ్గరి ఆ పెద్దమనిషే. మీరు ఫోన్లో పిల్లల ఫీజు కడతారు, రిజల్ట్ చూస్తారు. ఆ వెబ్‌సైటు వెనక ఉండేది ఒక్క కంప్యూటర్ కాదు, పదో ఇరవయ్యో ఉంటాయి. ఎవరిని ఎటు పంపాలో ఇది చూస్తుంది. బయటికి కనబడే చిరునామాను వర్చువల్ సర్వర్ అంటారు, వెనక ఉన్న సర్వర్ల గుంపును పూల్ అంటారు. సర్వర్ జిందాగా ఉందా లేదా అని కొన్ని సెకన్లకోసారి తలుపు తట్టేది హెల్త్ మానిటర్. ఎఫ్5 కంపెనీ పెట్టెల్లో అయితే ‘ఐరూల్స్’ అని చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి, ఫలానా వాళ్లను ఫలానా పూల్‌కు పంపమని హుకుం ఇచ్చేవి. ఇవిగాక సర్టిఫికెట్లు, ప్రొఫైళ్లు. ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేటికవి కలుపుతూ పోతారు. తీసేవాళ్లుండరు. పదేళ్లకు ఆ కాన్ఫిగరేషన్ మన అమ్మీల సందూక్ లాగా తయారవుతుంది. ఏ తాళంచెవి ఏ తాళానిదో ఖుదాకే ఎరుక.

మరి సఫాయి జరూరేనా? జరూరే. ఎవరూ వాడని పూల్ కూడా ఊరికే పడి ఉండదు. మానిటర్ దాని తలుపు తడుతూనే ఉంటుంది, లేని సర్వర్ జవాబివ్వదు, లాగ్ నిండా ఎర్ర గీతలు. అంత ఎరుపులో అసలు ఖత్రా వచ్చినా కనబడదు. పాత సామాను తీయకపోతే ఏమవుతుందో అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ చూసింది. 2012 ఆగస్టు 1న వాళ్ల ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త ప్రోగ్రామ్ ఎక్కింది. ఎనిమిదో దాంట్లో 2003 నుంచే వాడకం మానేసిన ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్ అలాగే ఉండిపోయింది. మార్కెట్ తెరవగానే అది లేచి కూచుని తనిష్టమొచ్చినట్టు షేర్లు కొనడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు హారతి కర్పూరం. కాబట్టి చెత్త ఉండనియ్యండి అని నేననడం లేదు.

నా పేచీ అంతా చెత్త అని తేల్చే పద్ధతితోనే.

మా వాడు ఏం చేశాడంటే, వర్చువల్ సర్వర్ల దగ్గర మొదలుపెట్టి ఏది దేన్ని పిలుస్తుందో ఒక్కో దారం పట్టుకుని లోపలికి పోయాడు. ఏ దారానికీ తగలని పూల్స్ జాబితా చేశాడు. వాటి లెక్కలు చూశాడు. కొన్నింటికి ఒక్క కనెక్షన్ కూడా లేదు, సున్నా. తీసేశాడు. వాడుకలో ఉన్నదాన్ని తీయబోతే పెట్టె తానే ఒప్పుకోదు, ఇది ఫలానా చోట వాడుతున్నారు అని ఆపుతుంది. దేనికీ ఆపలేదు గదా అని ధీమాగా ఉన్నాడు. మూడు వారాలకు ఒక విద్యాసంస్థ ఫీజుల గడువు మొదలైంది. పేరెందుకులెండి. ఒక జిల్లా బ్రాంచీల పిల్లలెవరికీ పేజీ తెరుచుకోలేదు.

కారణం వింటే మీకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఐరూల్‌లో పూల్ పేరు పూర్తిగా రాసి ఉంటే పెట్టె గుర్తుపట్టేది. కానీ అక్కడ లింకులోని జిల్లా కోడ్‌ను బట్టి పూల్ పేరు అప్పటికప్పుడు తయారయ్యేలా రాశారు. పిలుపు వచ్చిన క్షణం దాకా ఆ రిష్తా ఎక్కడా కాగితం మీద లేదు. ఇక సున్నా లెక్క సంగతి. అతను చూసింది జంట పెట్టెల్లో స్టాండ్‌బైగా ఉన్నదాన్ని. దాని మీద ట్రాఫిక్కే నడవదు, లెక్క ఎలా పెరుగుతుంది? పనిచేసే పెట్టెను చూసినా, ఈమధ్యే రీస్టార్ట్ అయి ఉంటే లెక్క మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లే పనిపడే పూల్‌కు సున్నా గాక ఏముంటుంది?

ఇంకోటి. ఆ పూల్ పేరులో డబ్ల్యూజీఎల్ అని ఉంది. వరంగల్‌ది పాతది అనుకున్నాడట. నేనైతే ఆగేవాణ్ని. 2016 అక్టోబర్ 11న మా డెస్కులో డేట్‌లైన్లన్నీ మార్చుకున్న రోజు నాకింకా యాద్ ఉంది. ఒక్క వరంగల్ జిల్లా పొద్దుగూకేలోపు ఐదైంది: అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పుడు చెప్పండి, ఒక కంప్యూటర్లో వరంగల్ అని రాసి ఉంటే అది ఏ వరంగల్? మా జనగామ ఇంటి కాగితాల్లో సగం ఇప్పటికీ ఆ పేరే ఉంది. మేం బేకార్ అయిపోయామా?

ఖైర్, మావాడి అదృష్టం బాగుంది. తీసేముందు మొత్తం కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసి పెట్టుకున్నాడు. నలభై నిమిషాల్లో పూల్ మళ్లీ నిలబడింది.

ఇదంతా విని ఎదురు సీట్లో కూచున్న ఆపా ఒక్క మాట అడిగింది. "అంటే రేషన్ కార్డులు కొట్టేసినట్టేనారా?"

మా ఇద్దరికీ నోట మాట రాలేదు. నిజంగా అదే. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటింటికీ పోయి తేల్చింది కాదు, ఎక్కువగా కంప్యూటర్ జాబితాలను ఒకదానితో ఒకటి కలిపి చూసి అనర్హులన్నారు. ఎస్.క్యూ. మసూద్ సాబ్ సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమంది. అల్‌జజీరా, రిపోర్టర్స్ కలెక్టివ్ 2024 జనవరిలో రాసిన కథనం ప్రకారం, మళ్లీ చూసిన కేసుల్లో కనీసం 7.5 శాతం తప్పుగా తీసేసినవే. ఒక రిక్షా కార్మికుడి ఇంటికి కారు ఉందని మెషీన్ తేల్చింది. దాదాపు అదే పేరున్న ఇంకొకాయన కారు అది.

పేర్ల మాట వస్తే మనకంటే బాధ ఎవరికి తెలుసు? మా అబ్బా పేరు ఒక కాగితంలో మొహమ్మద్, ఇంకోదాంట్లో మహ్మద్, మూడోదాంట్లో ఎండీ. ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేసరికి ఒక మనిషి ముగ్గురవుతాడు, ముగ్గురు షేక్ అహ్మద్‌లు ఒక్కడవుతారు. లోడ్ బ్యాలెన్సర్లోనూ రెండు వేర్వేరు విభాగాల్లో ఒకే పేరున్న పూల్స్ ఉండొచ్చు. పేరు ఒకటేనని ఒకదాన్ని తీసేస్తే ఇంజనీరును మేనేజర్ వదలడు. రేషన్ కార్డుకు ఆ మేనేజర్ ఎవరు?

2025 జులైలో కేంద్రం కొత్త ఉత్తర్వు ఇచ్చింది. ఆరు నెలలు సరుకులు తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపేసి, మూడు నెలల్లో ఇంటికెళ్లి విచారించి ఈకేవైసీ చేసి అప్పుడు తేల్చాలి. వరస వరకు ఇది మంచి ఇంజనీరు చేసే పనే. తీసేయకు, ముందు ఆపు, ఎవరన్నా అరుస్తారేమో ఆగి చూడు. కానీ ఇక్కడే నాకు గుండె ఆగుతుంది. పూల్ ఆపితే స్క్రీన్ మీద అలారం మోగుతుంది. గరీబు కార్డు ఆపితే మోగేది కడుపే, ఆ చప్పుడు ఏ లాగ్‌లోనూ పడదు. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం. మూడు నెలలంటే నలుగురున్న ఇంట్లో 72 కిలోలు. అది వాళ్ల హక్. కూలికి పోయిన కుటుంబం తిరిగొచ్చేసరికి కార్డు ఆగిపోయి ఉంటే ఎవరిని అడగాలి?

అందుకే ముందు ఆపడం కాదు, ముందు అడగడం ఉండాలి. డీలర్ దగ్గర ఆ ఇంటి ఫోన్ నంబర్ ఉంటుంది, పక్కింటివాళ్లుంటారు. మావాడు ఇప్పుడు ప్రతి పూల్ వివరణ గడిలో మూడు మాటలు రాస్తున్నాడట: ఇది ఎవరిది, ఏ నెలల్లో పని పడుతుంది, తీసేముందు ఎవరికి ఫోన్ చేయాలి. రద్దు చేసే ప్రతి కార్డు పక్కన కూడా ఎవరు తీశారు, ఏ వజా మీద, ఎక్కడ అప్పీలు చేసుకోవాలి అని తెలుగులో, ఉర్దూలో రాసి రేషన్ షాపు గోడకు అంటించడానికి ఏం ఖర్చవుతుంది?

మీ ఇంట్లో పాత కార్డు ఉంటే పారేయకండి. పౌర సరఫరాల శాఖ ఈపీడీఎస్ సైటులో ఆహార భద్రత కార్డును పాత రేషన్ కార్డు నంబర్‌తో కూడా వెతకొచ్చు. జిల్లా ఎంచుకునే చోట మాత్రం చూసుకోండి, మీరు పుట్టిన వరంగల్ కాదు, ఇప్పుడున్న జిల్లా పెట్టాలి. మా అమ్మీ కార్డు నేను ఆ రాత్రే చూశాను. ఉంది. అబ్బా పేరు మాత్రం నాలుగో రకంగా ఉంది.