పాత కంప్యూటరుకు బయటి డిస్కు

1984 జనవరిలో ఆపిల్ సంస్థ విడుదల చేసిన మెకింతోష్‌కు 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉండేది. లోపల హార్డ్ డిస్క్ లేదు. 400 కిలోబైట్ల ఫ్లాపీయే దానికి సర్వస్వం. యంత్రాన్ని నడిపించే సామగ్రి, రాసే సాధనం, రాసిన పత్రం అన్నీ అందులోనే ఇమడాలి. ఇమడకపోతే ఒక ఫ్లాపీ తీసి మరొకటి పెట్టడం, మళ్లీ మొదటిదే పెట్టడం తప్పేది కాదు. ఆనాటి వాడుకరుల ఓర్పును మెచ్చుకోవలసిందే!

ఈ ఇక్కట్టును తీర్చడానికి 1985 సెప్టెంబరులో ఆపిల్ ‘హార్డ్ డిస్క్ 20’ అనే బయటి డిస్కును తెచ్చింది. కంప్యూటరు అడుగున పీటలాగా అమరే పెట్టె అది. సామర్థ్యం 20 మెగాబైట్లు, అంటే యాభై ఫ్లాపీల సరుకు. వెల 1,495 డాలర్లు. నేటి చేతిఫోనుతో తీసిన కొద్దిపాటి ఫొటోలకే ఆ చోటు నిండిపోతుంది.

ఇటువంటి పాత కంప్యూటర్లను సేకరించి, తిరిగి పనిచేయించాలని తపించేవారు ఇప్పటికీ ఉన్నారు. వారు బయటి డిస్కు కోసం సాగించే వెతుకులాటను కేవలం కొనుగోలు అనడం నాకు సమ్మతం కాదు. అది నిక్కమైన పరిశోధన. ఎందుకంటే తీగ అతికినంత మాత్రాన యంత్రాలు మాట్లాడుకోవు. 1986 జనవరిలో వచ్చిన మెకింతోష్ ప్లస్‌లో స్కజీ అనే కొత్త ద్వారం ఉంది. హార్డ్ డిస్క్ 20 మాత్రం ఫ్లాపీ ద్వారానికే తగులుకుంటుంది. కాబట్టి స్కజీ డిస్కును అంతకుముందరి 512కె నమూనాకు నేరుగా కలపడం సాధ్యం కాదు. పైగా ప్లస్ వెనుకనున్న ఇరవై అయిదు సూదుల స్కజీ రంధ్రం, ఇతర కంప్యూటర్లలో ప్రింటరుకు కేటాయించిన రంధ్రాన్ని అచ్చంగా పోలి ఉంటుంది. రూపం ఒకటే, భాష వేరు.

హార్డ్ డిస్క్ 20తోనూ చిక్కులున్నాయి. మొదటి 128కె నమూనాకు దానిని నడిపేంత జ్ఞాపకశక్తి చాలదు. 512కెలోని రోమ్ చిప్పుకు ఆ డిస్కు ఉనికే తెలియదు. ముందుగా ప్రత్యేకమైన ఫ్లాపీతో యంత్రాన్ని మేల్కొలిపితే, ఆ ఫ్లాపీ డిస్కును పరిచయం చేసి, పగ్గాలు దానికి అప్పగిస్తుంది. ఈ సంగతులు విచారించకుండా సొమ్ము వెచ్చించినవారికి ఆ పెట్టె అలంకారంగానే మిగులుతుంది.

దాదాపు నలభై ఏళ్లు గడిచిన డిస్కులో కందెన గడ్డకట్టవచ్చు, తిరగవలసిన పళ్లెం బిగుసుకుపోవచ్చు. అందుకే నేడు ఫ్లాపీ ఎము వంటి చిన్న పరికరాలు వచ్చాయి. ఇవి నేటి మెమరీ కార్డును ధరించి, ఆ పాత డిస్కులాగా నటిస్తాయి. కంప్యూటరు ఆ తేడాను గ్రహించదు. దీనిని కొందరు సేకర్తలు అపచారంగా భావిస్తారు. పాత డిస్కు గిరగిర తిరిగే చప్పుడు లేని యంత్రంలో ప్రాణమేదని వారి వాదం. ఆ మమకారాన్ని నేను తేలికగా కొట్టివేయను. కాని ఆ పళ్లెంమీద ఉన్నవి ఎవరివో ఉత్తరాలు, ఇంటి లెక్కలు, సగంలో ఆగిన రచనలు. పళ్లెం శాశ్వతంగా ఆగిపోతే అవీ ఆగిపోతాయి. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులను సేకరించి, వాటిని కాగితంమీదికి ఎత్తి రాయించాడు. ఆకుమీది గౌరవం అందువల్ల తగ్గలేదు.

కనుక పాత డిస్కు చేతికి వచ్చి, అదృష్టవశాత్తు తిరిగితే, మొదటి రోజే అందులోని దత్తాంశమంతటికీ నకలు తీయాలి. ప్రదర్శనలు, ముచ్చట్లు ఆ తరువాత. నకలు తీసిన తరువాత కూడా పాత డిస్కును పారవేయరాదు. ఫ్లాపీ ద్వారం గుండా సమాచారం ఎంత నింపాదిగా నడిచేదో అదే చూపగలదు. ఇక మునుపటి యజమాని సొంత ఉత్తరాలు అందులో కనబడితే, అతని ఆచూకీ దొరికినంతవరకు వెతికి, వాటిని అతనికే అందజేయాలి.