‘జీతమెంత?’ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు

పలాస, టెక్కలి వైపు ఫైనలియర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నాకు పంపే మెసేజ్‌ల్లో ఎక్కువగా కనిపించేవి రెండే ప్రశ్నలు. ‘అన్నా, గల్ఫ్ వీసా ఎలా వస్తుంది?’, ‘జీతం ఎంత ఇస్తారు?’ రెండూ అడగాల్సినవే. కానీ మూడో ప్రశ్న ఒకటుంది. టెక్కలి దగ్గర ఇంజినీరింగ్ చదివి, ఆరేళ్లుగా షార్జాలో ఉంటున్న నన్ను ఇప్పటిదాకా ఎవరూ అది అడగలేదు. ‘అక్కడ పదేళ్లు ఎలా బతకాలి? తిరిగొచ్చేటప్పటికి చేతిలో ఏం ఉండాలి?’

మన వైపు వలస కొత్త సంగతి కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్లిన వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో లేని ఊరు అరుదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఇల్లు గడవాలి కదా! ఇప్పుడు డిప్లొమా, బీటెక్ వాళ్లదీ అదే దారి. అయితే ‘వెళ్లడం’ గురించి మన దగ్గర జరిగినంత చర్చ అక్కడ ‘ఉండటం’ గురించి జరగదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతా. గల్ఫ్ ఉద్యోగం ఇరవై ఏళ్లు సాగినా తాత్కాలికమే. అమెరికాలో గ్రీన్‌కార్డు, కెనడాలో పీఆర్ లాంటి దారి అక్కడ మామూలు ఉద్యోగికి లేదు. యూఏఈలో పదేళ్ల గోల్డెన్ వీసా ఉంది కానీ అది పెద్ద జీతగాళ్లకు, పెట్టుబడిదారులకు, కొన్ని ప్రత్యేక వర్గాలకే. మిగతా అందరికీ ఉద్యోగంతోనే నివాస అనుమతి. ఉద్యోగం పోతే కొన్ని వారాలో నెలలో గడువిస్తారు, అంతే. కాబట్టి తిరిగి రావడం ఎలా అన్నది మొదటి నెల నుంచే లెక్కలో ఉండాలి. నేను చూసినంతలో అక్కడ నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కువ జీతం తెచ్చుకున్నవాళ్లేం కాదు, ఈ లెక్క ముందే వేసుకున్నవాళ్లు.

ఆఫర్ లెటర్లో ‘బేసిక్’ చూడండి

ఊళ్లో అందరూ అడిగేది మొత్తం అంకె. ‘నెలకి ఎంతొస్తాదిరా బావూ?’ అంటారు. మీరు చూడాల్సింది అందులో బేసిక్ ఎంతన్నది. యూఏఈలో ఏడాది దాటి పనిచేసినవాళ్లకు వెళ్లిపోయేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులది లెక్క. అలవెన్సులు ఇందులోకి రావు.

ఇద్దరు స్నేహితులకి చెరో 5,000 దిర్హాముల జీతం అనుకుందాం. ఒకరి బేసిక్ 2,000, ఇంకొకరిది 3,500. అయిదేళ్ల తర్వాత మొదటివాళ్లకు వచ్చేది 7,000 దిర్హాములు, రెండోవాళ్లకు 12,250. నెలనెలా ఒకే జీతం తీసుకున్నా, చివర్లో తేడా ఒక నెల జీతాన్ని మించిపోయింది. సంతకానికి ముందు ఒక్క మాట అడిగితే తేలే విషయం ఇది.

అక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చు యజమానిదే. పాస్‌పోర్టు కంపెనీ తన దగ్గర ఉంచుకోకూడదు. ఉద్యోగం పోతే ఆదుకునే బీమా 2023 జనవరి నుంచి తప్పనిసరి. బేసిక్ 16,000 దిర్హాముల లోపుంటే నెలకు కట్టేది 5 దిర్హాములు. కనీసం ఏడాది కట్టి ఉంటే, మీ తప్పు లేకుండా ఉద్యోగం పోయినప్పుడు బేసిక్‌లో 60 శాతం దాకా మూడు నెలలు అందుతుంది. ఆ మూడు నెలలు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఎంత విలువైనవో అక్కడున్నవాళ్లకే తెలుసు.

ఇంకోటి. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ వలస తనిఖీ దాటాలి. వాళ్ల కాంట్రాక్టు ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. వెళ్లేముందు ఒకరోజు శిక్షణ కూడా ఉంది. డిగ్రీ, డిప్లొమా చదివిన మనకు ఆ తనిఖీ లేదు. దాన్ని మనం సౌకర్యం అనుకుంటాం. నిజానికి మన కాంట్రాక్టును మన తరఫున చదివేవాళ్లు ఎవరూ లేరని అర్థం. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే అక్కడే ఆగిపోండి.

మంచం అద్దె, చెక్కుల అద్దె

దుబాయ్‌లో పని, షార్జాలో నివాసం. మనవాళ్లలో చాలామంది లెక్క ఇదే. అద్దె తగ్గుతుంది, రోజుకి రెండు మూడు గంటలు ట్రాఫిక్‌లో పోతాయి. ఒంటరిగా ఉన్నన్నాళ్లూ ‘బెడ్ స్పేస్’ తీసుకుంటాం, అంటే గదిలో ఒక మంచం అద్దెకన్నమాట. అద్దె ఎంతని అడిగే ముందు గదిలో ఎంతమంది, బయటికి దారి ఎటు అని చూడండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనంలో మంటలు చెలరేగి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన జిల్లా వాసీ ఉన్నారు. నివాసం ఎక్కడన్నది జీతం అంత పెద్ద ప్రశ్న.

పెళ్లయ్యాక లెక్క మారుతుంది. యూఏఈలో భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. ఆ అర్హత దాటగానే అంతా అయిపోయిందనుకోవద్దు. అక్కడ అద్దె ఏడాదికి మాట్లాడుకుని, ముందు తేదీలు వేసిన చెక్కులిస్తారు. ఒక్క చెక్కు బౌన్సయినా తలనొప్పే. పిల్లల స్కూలు ఫీజు ఇంకో అద్దె లాంటిది. ఇటు బ్యాంకులేమో జీతం పడటం చూసి క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ అంటూ ఫోన్లు చేస్తూనే ఉంటాయి. బాకీ తీర్చకపోతే దేశం దాటకుండా ప్రయాణ నిషేధం కూడా పడొచ్చు. ఊరికి రావాల్సిన రోజున విమానాశ్రయంలో ఆగిపోవడం కంటే కష్టం ఇంకేముంటుంది?

ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, తోట

టెక్నాలజీ మీద రాసేవాణ్ని కాబట్టి ఇది కాస్త గట్టిగా చెబుతా. విమానం ఎక్కేముందు మీ ఇండియా సిమ్‌ని బతికించుకునే ఏర్పాటు చేసుకోండి. ఆధార్, బ్యాంకు, ఆదాయపు పన్ను... అన్నీ ఓటీపీ దగ్గరే ఆగుతాయి. రీఛార్జి లేక నంబరు పోయి, అది వేరేవాళ్లకి వెళ్లిందంటే మీ డబ్బు మీకే అందదు.

ఉద్యోగం కోసం దేశం దాటినవాళ్లు మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు. బ్యాంకుకి చెప్పి ఎన్ఆర్‌ఓగా మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్‌ఈ ఖాతా తెరవాలి. దాని వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, అవసరమైతే డబ్బు తిరిగి బయటికి తీసుకెళ్లవచ్చు. యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, సింగపూర్ లాంటి కొన్ని దేశాల ఫోన్ నంబరుతోనే ఈ ఖాతాల మీద యూపీఐ వాడుకునేందుకు 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఆ సదుపాయం ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి.

ఇక మనవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన. గల్ఫ్ డబ్బు రాగానే ఉద్దానం మనసు తోట మీదకే పోతుంది. కానీ ఫెమా నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమిగానీ తోటగానీ కొనకూడదు. ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు. వారసత్వంగా వచ్చిన కొబ్బరి తోటనో, వెళ్లకముందే మీ పేరున ఉన్న జీడి తోటనో ఉంచుకోవచ్చు. ఇది తెలియక అడ్వాన్సు ఇచ్చి, తర్వాత ‘ఎవరి పేరున రాయిద్దాం’ అని మొదలుపెట్టే మాటలే అన్నదమ్ముల మధ్య తగాదాలవుతాయి.

ఒంటి సంగతి, ఇంటి సంగతి

ఉద్దానంలో కిడ్నీ జబ్బు తాకని కుటుంబాలు ఎన్నో నేను చెప్పనక్కర్లేదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛనిస్తోంది. అవన్నీ అవసరమే. కానీ వారానికి రెండు మూడు సార్లు అమ్మనో నాన్ననో ఆసుపత్రికి తీసుకెళ్లి, నాలుగు గంటలు పక్కన కూర్చుని, తిరిగి ఇంటికి తెచ్చే మనిషి కావాలి. ఆ మనిషే ఇల్లు దాటి వెళ్తున్నాడు.

కాబట్టి వెళ్లేముందు ఇంట్లో కూర్చుని ఒక మాట తేల్చుకోండి. అర్ధరాత్రి అవసరమొస్తే ఎవరు కదులుతారు? అక్కా, బావా, పక్కింటి చిన్నాన్నా? ఆ మనిషి పేరు, వాళ్ల దగ్గర కొంత డబ్బు, రిపోర్టుల ఫైలు ఒక్కచోట ఉండాలి. ఎమర్జెన్సీ టికెట్ డబ్బు మీ ఖాతాలో ఎప్పుడూ కదలకుండా ఉండాలి. షార్జా నుంచి ఏదో ఒక విమానాశ్రయంలో దిగి, పలాస స్టేషన్లో రైలు దిగి ఊరు చేరేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. అక్కడ అనుమతి ఉన్న యాప్ ఏదో ఇంట్లోవాళ్ల ఫోన్లో మీరే వేసి, ఎలా మాట్లాడాలో నేర్పించి వెళ్లండి.

మీ ఆరోగ్యం కూడా అంతే. సైట్లో పనిచేసేవాళ్లకి ఎండ, చెమట, తక్కువ నీళ్లు కిడ్నీల మీద భారం పెడతాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని నిషేధం. అది మీ హక్కు. ఉద్దానం నుంచి వెళ్లినవాళ్లు సెలవుకి వచ్చిన ప్రతిసారీ క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం ఒక అలవాటు కావాలి.

మేడ కట్టాక ఏంటి?

మనవైపు గల్ఫ్ సంపాదనకి గుర్తు రెండంతస్తుల మేడ. తప్పు పట్టను. పెంకుటింట్లోనో పూరింట్లోనో పుట్టి పెరిగినవాళ్లకి ఆ మేడ విలువేంటో తెలుసు. కానీ ఆ మేడకే పదేళ్ల సంపాదనంతా పోసి, తిరిగొచ్చాక నెలకి రూపాయి ఆదాయం లేక, నలభై ఏళ్లు దాటాక మళ్లీ వీసా వెతుక్కునేవాళ్లని చూస్తున్నాం. ఇంటికెంత, దాచేదెంత, నేర్చుకోవడానికెంత అని ముందే విడదీసుకోండి. మారిన ప్రతి కంపెనీ నుంచి అనుభవ ధ్రువపత్రం తీసుకోండి. వెల్డింగ్, సేఫ్టీ, క్లౌడ్... మీ రంగం ఏదైనా గుర్తింపున్న సర్టిఫికెట్ ఒకటి సంపాదించండి. సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు పనులు నడుస్తున్నాయి. రేపు అక్కడో ఇంకోచోటో ఉద్యోగం అడిగితే వాళ్లు చూసేది ఆ కాగితాలే.

‘ఇన్ని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఎవరూ వెళ్లలేరు’ అని ఒక స్నేహితుడు అన్నాడు. అప్పు నెత్తిమీద ఉన్నవాళ్లకి ఆగి ఆలోచించే తీరిక ఉండదన్న మాట నిజమే. అందుకే ఈ భారం ఒక్క విద్యార్థి మీదే వేయకూడదంటాను. మన కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్ ఆప్టిట్యూడ్‌కీ, ఇంటర్వ్యూకీ నెలల తరబడి శిక్షణ ఇస్తాయి. విదేశంలో కాంట్రాక్టు చదవడం, ఖాతాలు మార్చుకోవడం, ఆపదలో భారత రాయబార కార్యాలయాన్ని, విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌ని ఆశ్రయించడం గురించి ఒక్కరోజు కూడా చెప్పవు. చెప్పడానికి నిపుణులు ఎక్కడినుంచో రానక్కర్లేదు. కవిటిలో, కాశీబుగ్గలో, వజ్రపుకొత్తూరులో గల్ఫ్‌లో పదిహేనేళ్లు ఉండి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లలో నలుగుర్ని పిలిచి ఫైనలియర్ వాళ్ల ముందు కూర్చోబెడితే చాలు.

కాలేజీ పిలిచేదాకా మీరు ఆగొద్దు. ఈ ఆదివారం మీ ఊళ్లో అలా తిరిగొచ్చిన బాబాయో, మావయ్యో ఉంటే వాళ్లింటికి వెళ్లండి. జీతం సంగతి చివర్లో అడుగుదురు గాని, ముందు ఈ నాలుగూ అడగండి: గదిలో ఎంతమంది ఉండేవాళ్లు? నెలాఖరుకి ఎంత మిగిలేది? ఇంట్లో కష్టమొచ్చినప్పుడు ఎవరు చూశారు? తిరిగొచ్చిన రోజున చేతిలో ఏం ఉంది?